గ్యాస్‌కి లెక్కుంది, మనుషుల లెక్కేదీ? ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆర్థిక, ప్రణాళికా శాఖల మంత్రి గారికి,

కోనసీమలోని రాజోలు దీవి నుంచి ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ నమస్కరించి రాయునది.

మా ప్రాంతం నుంచి గల్ఫ్ పోతున్నవాళ్ళ మీద, మా నేల కింద నుంచి పోతున్న గ్యాస్ మీద కలిపి ఒక అధ్యయనం చేయించమని ఇచ్చిన అర్జీ 'పరిష్కరించబడినది' అని నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సంతోషం పట్టలేక వివరాలు తెరిచాను. 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని ఒక్క ముక్క. ఏ శాఖో రాయలేదు. అంతకుముందు ఇచ్చినవీ ఇలాగే పరిష్కారమయ్యాయి. పరిష్కారాల్లో ప్రభుత్వం వేగాన్ని మాత్రం తప్పుపట్టలేం. అయినా ఈ అధ్యయనం నేను కొత్తగా కోరింది కాదండీ. ఎన్నికలప్పుడు మైకు పట్టుకుని 'వలసల మీద సమగ్ర అధ్యయనం చేయిస్తాం' అన్నది మీవాళ్ళే. అంతకుముందు ఎన్నికల్లో అన్నది అవతలి పార్టీవాళ్ళు. మేం ఇద్దరికీ చప్పట్లు కొట్టాం.

మీది లెక్కల శాఖ కాబట్టి లెక్కే మాట్లాడుకుందాం. జిల్లా స్థూల ఉత్పత్తి అంటే జిల్లా హద్దుల్లో తయారైనదాని విలువ. అది ఎవరి జేబులో పడిందన్నది ఆ లెక్కకి అనవసరం. ఆ సూత్రం ప్రకారం మా చేల కింద తోడిన గ్యాస్ మా వృద్ధి. కువైట్‌లో మా ఆడపడుచు వండి, కడిగి, ఉతికి పంపిన డబ్బు మా ఉత్పత్తి కాదు, ఆ పని ఇక్కడ జరగలేదు కాబట్టి. మాకు రానిది లెక్కలో ఉంటుంది, మా పిల్లల ఫీజు కట్టేది లెక్కలో ఉండదు. స్వర్ణాంధ్ర 2047 పత్రంలో ఏటా 15 శాతం వృద్ధి సాధిస్తామన్నారు. మంచిదే. మా పేరున రాసే వృద్ధిలో మా ఇళ్ళకి చేరేదెంతో ఇంకో కాలమ్‌లో రాయించండి. లేకపోతే అవి కాకి లెక్కలే.

గ్యాస్ సంగతి మీకు తెలియనిది కాదు. గాడిమొగ దగ్గర ఒడ్డుకి చేరిన సముద్రపు గ్యాస్‌కి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైపు వేశారు. ఇక్కడ రావులపాలెం పక్కన దేవరపల్లిలో 445 మెగావాట్ల విద్యుత్ కేంద్రం గ్యాస్ లేకే మూలపడింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. వనరులు ఎక్కువగా ఎగుమతి చేసే దేశాలు మిగతావాటికన్నా నెమ్మదిగా ఎదిగాయని జెఫ్రీ సాక్స్, ఆండ్రూ వార్నర్ అనే ఆర్థికవేత్తలు చూపించిందీ అదే ఏడాది. మావాళ్ళు ఆ పేపరు చదవలేదు, మంట చూశారు. 2014 జూన్ 27 తెల్లారుజామున మా నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా కాలి చచ్చిపోయారు. అంటే గ్యాస్ వల్ల వచ్చే ప్రమాదానికి మా చిరునామా పక్కాగా ఉంది. డబ్బుకే చిరునామా లేదు.

సముద్రంలో తీసిన గ్యాస్ రాయల్టీ కేంద్రానికి పోతుంది, సరే. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికే వస్తుంది కదండీ? అందులో బావి ఉన్న ఊరికి ఇంత అని ఎక్కడ రాసి ఉంది? మంగంపేటలో ముగ్గురాయి తవ్వినా, ఇంకోచోట సున్నపురాయి తవ్వినా 2015 చట్ట సవరణ పుణ్యమా అని జిల్లా ఖనిజ నిధి ఉంటుంది. తవ్వినవాడు రాయల్టీ మీద అదనంగా కట్టింది ఆ జిల్లాలోని బాధిత గ్రామాలకే ఖర్చు పెట్టాలి. గ్యాస్‌కి ఆ నిధి లేదు. ఎందుకంటే గనుల చట్టంలో 'ఖనిజం' అంటే చమురు, గ్యాస్ తప్ప మిగతావి. అవి 1948 నాటి వేరే చట్టం కిందికి వస్తాయి. రాయి తవ్వితే ఊరికి హక్కు, గ్యాస్ తోడితే ఊరికి దణ్ణం. చట్టం మార్చడం మీ చేతిలో లేదంటారు. మీ ఖజానాకి వచ్చిన రాయల్టీలో వాటా ఇస్తూ ఒక జీవో ఇవ్వడానికి ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. కంపెనీలు దయతలచి కట్టించే బస్ షెల్టర్ల సంగతి ఎత్తకండి. అది కంటితుడుపు.

ఇక మనుషులు. 2001-2011 మధ్య ఉమ్మడి రాష్ట్ర జనాభా 11 శాతం దాకా పెరిగితే, తూర్పుగోదావరిలో 5 శాతం, పశ్చిమగోదావరిలో మూడున్నర శాతం దగ్గర ఆగింది. కాన్పులు తగ్గాయి, నిజమే. కానీ మొత్తం దానివల్లే అని ఎవరు తేల్చారు? 2021లో జరగాల్సిన జనగణనని 2027 దాకా నెట్టారు. ఈలోగా జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని కనండి అంటున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. కన్నవాళ్ళు ఎక్కడున్నారో ముందు లెక్క తీస్తే బాగుంటుంది కదండీ.

గల్ఫ్ వెళ్ళినవాళ్ళ సంఖ్య కేంద్రం దగ్గర ఉంటుందని ఒక అధికారి నాతో అన్నారు. ఉంటుంది, సగం. గల్ఫ్‌లో పనికి వెళ్ళేముందు కేంద్రం ఇచ్చే అనుమతి, అదే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, తీసుకోవాల్సింది ప్రధానంగా పదో తరగతి పాసవనివాళ్ళు. పది పాసైతే ఆ తనిఖీ లేదు, ఆ రికార్డులోకి ఎక్కరు. మావాళ్ళు చదువుకున్నందుకు లెక్కలోంచి జారిపోయారన్నమాట. క్లియరెన్స్ కావాల్సిన ఆడమనిషికి 30 ఏళ్ళు నిండకపోతే ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. అలాంటివాళ్ళని ఏజెంటు విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తాడు. వాళ్ళూ ఏ కాగితంలోనూ ఉండరు.

మా పక్కవీధి ఆవిడ ఖద్దామా వీసా (ఇంటిపనివాళ్ళకి ఇచ్చేది) మీద కువైట్ వెళ్ళింది. వాళ్ళాయనది కొబ్బరి దింపు పని, కాస్త కౌలు. కాయ రేటు పడిపోయి, పాప ఇంటర్ ఫీజుకి తెచ్చిన అప్పు తీరక వెళ్ళింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే అక్కడి యజమాని దగ్గర ఉంది. శుక్రవారం వస్తే వాళ్ళమ్మ స్టీలు గ్లాసుకి ఫోన్ ఆనించి దాని ముందే కూర్చుంటుంది, పప్పు రుబ్బుతున్నా కన్ను దానిమీదే. ఒక వారం కాల్ రాలేదు. రెండోవారమూ రాలేదు. ఏజెంటు ఫోన్ స్విచ్ ఆఫ్. ఆ పెద్దావిడ నా దగ్గరికొచ్చి 'ఎవరికి కాయితం పెట్టాలి మాస్టారూ' అంది. ఎవరికి పెట్టాలో మీరైనా చెప్పండి సార్. తర్వాత ఆవిడ కూతురు క్షేమంగానే ఉందని తెలిసింది, కొత్త ఇంటికి మార్చారట. ఆ పదిహేను రోజులూ ఆమె ఈ దేశంలో ఎవరి లిస్టులోనూ లేదు.

వలస అంటే ఎక్కువ కూలికోసం ఒకడు పరుగెత్తడం కాదు, పంటకి భరోసా లేని కుటుంబం ఒక మనిషిని దూరంగా పంపి తనకి తాను చేసుకునే బీమా అని ఓడెడ్ స్టార్క్ లాంటి ఆర్థికవేత్తలు 1980ల్లోనే చెప్పారు. ఆ పెద్దావిడ ఇంటిని చూస్తే అది అక్షరాలా నిజం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే మోహన్ కందా కమిటీ వేశారు. రైతు చేను ఎందుకు వదిలాడో ఆ కమిటీ విచారించింది. వదిలినవాడి కొడుకు ఎటు పోయాడో విచారించే కమిటీ మాత్రం ఇంకా పుట్టలేదు. (కోటిపల్లి-నరసాపురం రైలు మంజూరైన నాటికి పుట్టిన పిల్లలు రైలు చూడకుండానే విమానం ఎక్కేశారు. గౌతమిలో స్తంభాలు మాత్రం లేచాయి.)

వలస మాకు కొత్త అని నేననను. కాటన్ దొర ఆనకట్ట కట్టాక కూడా మా ముత్తాతలు కూలికి రంగం (బర్మాలోని రంగూన్) పోయారు. కానీ అప్పుడు మా కాళ్ళ కింద గ్యాస్ ఉందని ఎవరికీ తెలియదు.

కేరళని చూడండి. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ స్థాపించిన తిరువనంతపురం అభివృద్ధి అధ్యయన కేంద్రంలో జకారియా, ఇరుదయ రాజన్ అనే పరిశోధకులు 1998లోనే ఎంపిక చేసిన ఇళ్ళకి వెళ్ళి వలస సర్వే మొదలుపెట్టారు. ఎవరు వెళ్ళారు, ఎంత పంపారు, ఎంతమంది తిరిగొచ్చారు అన్నది కొన్నేళ్ళకోసారి లెక్కతేలుతోంది. మనకి మేధావులు లేరా? ఉన్నారు, పెరటి చెట్టు మందుకు రాదంతే. మన యూనివర్సిటీల ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లకి అప్పగించండి. గ్రామ సచివాలయం సిబ్బంది ట్యాబ్ పట్టుకుని ఎలాగూ మా గుమ్మాలకి వస్తూనే ఉంటారు. ఆ ట్యాబ్‌లో ఇంకో నాలుగు ప్రశ్నలు పెట్టించండి. గ్యాస్ రాయల్టీ మండలాల వారీగా ఎంత వచ్చిందో బయటపెట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఒక ఆర్థికవేత్తకి ఇవ్వండి. రాయల్టీలో వాటా మాట మళ్ళీ చెబుతున్నాను, మర్చిపోతారని.

ఆ నివేదిక వస్తే తెలుగులో రావాలి, ముందు మా గ్రామసభల్లో చదవాలి. వచ్చే బడ్జెట్‌కి మీ శాఖలో ప్రతిపాదనలు తీసుకునేటప్పుడే దీనికో పద్దు పెట్టించండి. పద్దు నంబరు వేసి జవాబిస్తే చాలు, సన్మానాలూ శాలువాలూ మేమే చేస్తాం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
రాజోలు దీవి, కోనసీమ