నేను లాక్కున్న మైకు

సంపాదకులకు,

విద్వేషపు మాటల్ని సహించాలా, నోరు మూయించాలా అని మీ పేజీలో లేఖలు వస్తున్నాయి. నా వంతు ఒకటి.

ఈ మధ్య మా విజయనగరంలో కులాంతర వివాహాల మీద చిన్న సభ పెట్టుకున్నాం. వెనక వరసలో ఒక కుర్రాడు లేచి, అలా పెళ్లి చేసుకున్నవాళ్లను ఊరు వెలేస్తే తప్పేముందని అడిగాడు. ఒకటే గోల. అధ్యక్షుణ్ణి కదా, నేనే వెళ్లి అతని చేతిలో మైకు లాక్కున్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. "మాటాడనిస్తేనే కదా మాస్టారూ, నాను తప్పో మీరు తప్పో తేల్తాది" అని, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

అసహనాన్ని హద్దు లేకుండా సహిస్తే చివరికి సహనమే మిగలదని తత్వవేత్త కార్ల్ పాపర్ 1945లో రాశారు. ఇది అందరూ చెప్పేదే. అక్కడే ఆయన రాసిన ఇంకో మాటను మాత్రం వదిలేస్తారు: వాదనతో ఎదుర్కోగలిగినంత కాలం నోరు నొక్కడం తెలివైన పని కాదు, వాదనే వద్దని, దానికి పిడికిలితో, పిస్తోలుతో జవాబు చెప్పమని నేర్పేవాళ్ల మీద మాత్రం అవసరమైతే బలం వాడే హక్కు ఉండాలి అని.

ఆ కుర్రాడు అడిగాడు, అంతే. బెదిరించింది వేరేవాళ్లు. అలా పెళ్లి చేసుకున్న ఒక జంటకు సరుకులిస్తే నీ సంగతి చూస్తామని మా వీధి కిరాణా కొట్టతనికి చెప్పి వెళ్లారు. అది తెలిసీ నేను నోరెత్తలేదు. వాళ్లలో ఒకాయన ఆ రోజు మా సభలో ముందు వరసలో కూర్చుని నాకు చప్పట్లు కొట్టాడు!

1914లో మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీలో వ్యావహారిక భాష వాదన నెగ్గకపోతే, మా ఊరి గురజాడ అప్పారావు గారు అసమ్మతి పత్రం రాసిచ్చారు. ఆనాటి పెద్దలకు అది తప్పుడు వాదనే. ఈ లేఖ ఇప్పుడు ఏ తెలుగులో ఉందో చూడండి. కుర్రాణ్ణి గురజాడతో పోల్చడం లేదు. వెలి దుర్మార్గమన్న నా అభిప్రాయమూ రవ్వంత మారలేదు. ఎందుకు దుర్మార్గమో అతనికి చెప్పాల్సినవాణ్ణి, మైకు లాక్కుని ఊరుకున్నాను.

వచ్చే సభకు రమ్మని అతనికి కబురు పెట్టాను. ముందు వరసాయన వస్తే, కొట్టు సంగతి మైకులోనే అడుగుతాను. పోలీస్ స్టేషన్‌కి తోడొస్తానని కొట్టతనితో అన్నాను. భయపడుతున్నాడు, ఇంకా సరేననలేదు.

– ఒక రిటైర్డ్ టీచర్, విజయనగరం