బతుకమ్మ అలిగిన రోజైనా సప్పుడు ఆపండి

సంపాదకులకు నమస్కారం.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు, ఆడరు. అలిగిన బతుకమ్మ అంటారు. మా అమ్మ తరం వాళ్లు అర్రెం అనేవాళ్లు. ఎప్పుడో పేరుస్తుండగా మాంసం ముద్ద తగిలిందని, అందుకే అమ్మవారు అలిగిందని కథ చెప్తారు. పోయిన ఏడు మా కాలనీలో సరిగ్గా ఆ రోజు రాత్రే డీజే పెట్టారు. ఆట లేదు కాబట్టి జాగా ఖాళీగా ఉందట!

మా తోడికోడలు మోకాలి ఆపరేషన్ చేయించుకుని అప్పుడే ఇంటికి వచ్చింది. పదకొండు దాటినా కిటికీ అద్దాలు గడగడమంటూనే ఉన్నాయి. ఇక ఆగలేక చెప్పులేసుకుని వెళ్లాను. అక్కడ ఒక పిల్లగాడు మర్యాదగానే మాట్లాడాడు. "పండుగ రోజుల్ల కూడ సప్పుడు జెయ్యకపోతే ఇంకెప్పుడు జేస్తం పెద్దమ్మా?" అన్నాడు. "ఇయ్యాల బతుకమ్మ అలిగింది కద బిడ్డా" అన్నాను. "అలిగితే ఏమైతది?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ వీధిలో నిలబడి చటుక్కున జవాబు దొరకలేదు. ఈ ఉత్తరం ఆ జవాబే అనుకోండి.

మొదటి రోజైన ఎంగిలిపూల నాటి నుంచి ఇంట్లో ఆడవాళ్ల పని ఎట్లా ఉంటుందో లెక్కపెట్టి చూడండి. గునుగు, తంగేడు, కట్ల, బంతి తెచ్చుకోవాలి. గునుగు కాడలన్నీ ఒక్క తీరుగా కోసి, రంగుల్లో ముంచి, ఆరబెట్టాలి. తాంబాలంలో వరుస తర్వాత వరుస పేర్చేదాకా గంటల తరబడి నేల మీద కూర్చోవాలి. రోజుకో నైవేద్యం: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. సాయంత్రం వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ ఆట. ఇట్లా అయిదు రోజులు. ఆరో రోజు ఏమీ లేదు. మళ్లీ వేపకాయలు, వెన్నముద్దలు, చివరికి సద్దుల రోజు తెల్లవారుజామునే పొయ్యి ముట్టించి పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద. మొదటి అయిదు రోజులకూ చివరి మూడు రోజులకూ నడుమ ఆ ఒక్క రోజును ఖాళీగా ఉంచింది, నడుము నొప్పి ఎరిగిన ఏ అవ్వో అయి ఉంటుందని నా అనుమానం. తాను అలసిపోయానంటే ఇంట్లో ఎవరూ వినరు. అమ్మవారు అలిగిందంటే మాత్రం కిక్కురుమనరు!

బతుకమ్మకు నెల ముందు వచ్చే పొలాల అమావాస్యకు ఆదిలాబాద్ వైపు ఎద్దులకు నాగలి కట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, పూజించి, తినిపిస్తారు. ఎద్దుకు దొరికిన సెలవు ఇల్లాలికి ఏది? రంజాన్ చివరి పది రోజుల్లో కొందరు మసీదులోనే ఉండిపోయి ఇతికాఫ్ పాటిస్తారు. కాజీపేట ఫాతిమానగర్‌లో క్రైస్తవులకు ఆదివారం ఉండనే ఉంది. పండుగలో ఒళ్లూ మనసూ కుదుటపడే చోటు ప్రతి వాళ్లూ పెట్టుకున్నదే. మనమూ పెట్టుకున్నాం, తర్వాత మరిచిపోయాం.

చట్టం సంగతికి వస్తే, శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా అనుమతి ఇవ్వవచ్చు గానీ, అది ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఆ 15లో ఆరో రోజును కలపవద్దని జిల్లా అధికారులకు, పోలీసు వారికి నా మనవి. ఆ రోజు పగలు కూడా డీజేలకు పర్మిషన్ ఇవ్వకపోతే పోయేదేముంది? ఆట లేని రోజుకు పాట ఎందుకు? అసలు బతుకమ్మ పాటకు డీజే పెట్టె అవసరమే లేదు. ఒకరు అందుకుంటే మిగతా వాళ్లు ఉయ్యాలో అని పలుకుతారు. వెయ్యిస్తంభాల గుడి దగ్గర చిన్నప్పుడు మేము ఆడినప్పుడు చప్పట్లే తాళం. ఆడి ఇంటికి వస్తే హాయిగా నిద్ర పట్టేది. ఇప్పుడు చెవులు గుయ్యిమంటూ వస్తున్నాం. ఎవరి పాటా ఎవరికీ వినపడదు.

కార్పొరేషన్ వారికి ఇంకొక్క మాట. బతుకమ్మలను నీళ్లలో వదిలే పద్మాక్షి గుండం దగ్గరికి సద్దుల రోజు వచ్చే వాళ్లలో నాలాంటి మోకాళ్ల నొప్పుల వాళ్లు చాలామంది ఉంటారు. లైట్లకు, స్టేజీకి పెట్టే ఖర్చులో కొంత కూర్చునే బల్లలకు, మంచినీళ్లకు, శుభ్రమైన టాయిలెట్లకు పెట్టండి. స్టేజీ మీద ఉపన్యాసం వినడానికి మేము రావడం లేదు.

ఇంట్లో వాళ్లకూ ఒకటి చెప్పాలి. మా ఇంట్లో నిరుడు అలిగిన రోజు నుంచే వంట మగవాళ్లకు అప్పజెప్పాం. మావారు చేసిన పప్పు మాడింది. అయినా తిన్నాం. నైట్ షిఫ్టు చేసే మా కోడలు మధ్యాహ్నం నాలుగింటి దాకా పడుకుంది. లేచాక ఇద్దరం పాత పాటలు గుర్తు చేసుకుంటూ కూర్చున్నాం. నాకు రెండు చరణాలు గుర్తు రాలేదు, ఆమెకు వచ్చాయి.

చివరగా మీ పత్రికకు కూడా ఒక మనవి. ఏటా తొమ్మిది రోజుల పేర్లూ నైవేద్యాలూ వరుసగా వేస్తారు. ఆరో రోజు దగ్గర ‘నైవేద్యం లేదు’ అని రాసి ఊరుకుంటారు. ఈసారి ఎందుకు లేదో కూడా నాలుగు ముక్కలు రాయండి. మా కాలనీ పిల్లగాడు పేపర్ చదువుతాడో లేదో గానీ, వాళ్లమ్మ చదువుతుంది.

– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ