బట్టలు అమ్మే పిల్లల్లో ఉత్సాహం ఎందుకు లేదంటే

సంపాదకులు గారికి,

నమస్కారం. పండగ అమ్మకాల మీద మీ పత్రికలో వచ్చిన కథనంలో చెన్నై టీ నగర్ వస్త్ర వ్యాపారి ఒకరు తన గోడు వెళ్ళబోసుకున్నారు. సరుకుంది, జనమూ ఉన్నారు, అమ్మే పిల్లల్లోనే ఉత్సాహం లేదని వారి బాధ. ఈ తరానికి ఒళ్ళు వంగదనీ, ఫోను తప్ప వేరే ధ్యాస లేదనీ కూడా అన్నారు. ఆ మాటకు అమ్మే పిల్లలు జవాబు రాయలేరు, రాస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు. అందుకని నేను రాస్తున్నాను.

అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారంలో పర్సనల్ అధికారిగా, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత టీ నగర్‌లోనే ఒక పెద్ద బట్టల దుకాణం వారు పిలిచి సరిగ్గా ఇదే ప్రశ్న నా చేతిలో పెట్టారు. మా వాళ్ళు మనసు పెట్టి ఎందుకు పనిచేయరు, వచ్చినవాళ్ళు ఎందుకు నిలవరు, కారణం కనుక్కోండి అన్నారు. కనుక్కున్నాను. చెప్పింది వారికి రుచించలేదు, అది వేరే సంగతి.

నాకంటే ముందే అక్కడ ఒక విచారణ జరిగింది. ఒక ప్రశ్నల కాగితం అచ్చువేయించి, ఫ్లోర్ సూపర్‌వైజర్ల చేత పంచి, మళ్ళీ వాళ్ళ చేతనే వసూలు చేయించారు. మీ సూపర్‌వైజర్ ప్రవర్తన ఎలా ఉంది అన్న చోట ఒకరూ మిగలకుండా అందరూ ‘బాగుంది’ అనే రాశారు. రాయక ఏం చేస్తారు? కాగితం అడుగున పేరు, ఉద్యోగి నంబరు వేయాలి మరి. అంతా బాగున్నా పని మాత్రం బాగాలేదు కాబట్టి లోపం మనుషుల్లోనే ఉందని తేల్చి, వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసం ఏర్పాటు చేశారు. అదీ వారానికి ఒక్కటే వచ్చే సెలవు రోజు పొద్దున! హాజరు తప్పనిసరి.

ఇలాంటి విచారణ ఎలా చేయాలో వందేళ్ళ కిందటే తెలిసిన విషయం. అమెరికాలో షికాగో దగ్గర హాథార్న్‌లో ఉన్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ కర్మాగారంలో 1928 నుంచి రెండేళ్ళపాటు 20,000 మందికి పైగా కార్మికులతో మాట్లాడారు. మొదట్లో వాళ్ళూ ముందే రాసుకున్న ప్రశ్నలే అడిగారు. కార్మికులేమో అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చి, తమకు కావలసిన సంగతి ఎత్తుకునేవారు. చివరికి పరిశోధకులు ప్రశ్నల జాబితా పక్కన పెట్టి, ఎదుటివాళ్ళు ఎత్తుకున్న సంగతే వినడం మొదలుపెట్టారు. నేనూ కాగితాలు పక్కన పెట్టి మధ్యాహ్నం పూట దుకాణం మెస్సులో కూర్చోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళు ఎవరూ పలకలేదు. నేను యజమాని మనిషిని కానని కాస్త నమ్మకం కుదిరాక, సాంబారు అన్నం కలుపుకుంటూ ఒక్కొక్కరే నోరు విప్పారు.

అందరికంటే ఎక్కువగా గుర్తున్నది నాయుడుపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి. ఆమెది నూలు చీరల కౌంటరు. పెళ్ళిళ్ళ కాలం వస్తే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలు టీ నగర్‌లో దిగుతాయని మీకు చెప్పనక్కరలేదు. తల్లీ, పెద్దమ్మా, మేనత్తా, పెళ్ళికూతురూ పట్టుచీరల అంతస్తులో తెల్ల దుప్పటి పరిచిన పరుపు చుట్టూ కూర్చోగానే, తెలుగు వాళ్ళొచ్చారు, ఆ అమ్మాయిని పంపండి అని కబురు వచ్చేది. ఆమె వెళ్ళి గంటా గంటన్నర నిలబడి చీర తర్వాత చీర విప్పి చూపించేది. ముహూర్తానికి ఏ రంగు, తలంబ్రాలకు ఏ అంచు, జరీ అసలుదా కాదా, పెద్దమ్మకు నచ్చింది పెళ్ళికూతురికి నచ్చకపోతే ఇద్దరినీ ఎలా ఒప్పించాలి, అన్నీ ఆమే చూసుకునేది. బేరం కుదిరాక చీటీ మీద ఎక్కేది మాత్రం పట్టు కౌంటరు సేల్స్‌మన్ నంబరు. ఇన్సెంటివ్ అతనికి. ఆ గంటన్నరలో నూలు కౌంటరు దగ్గర పోయిన అమ్మకం ఈమె ఖాతాలో లోటు. నెలాఖరున టార్గెట్ అందలేదని చీవాట్లు కూడా ఈమెకే.

ఈ సంగతి పైవాళ్ళ దగ్గర ఎత్తితే, అంతా ఒకే సంస్థ కదా, ఎవరు అమ్మితే ఏమిటన్నారు. అయితే ఇన్సెంటివ్ కూడా అందరికీ ఒకటే చేయండి అన్నాను. దానికి జవాబు రాలేదు. కొన్ని నెలలకు ఆ అమ్మాయి మెట్ల మీద తెలుగు వినబడితే చాలు, స్టాకు గదిలోకి తప్పుకోవడం నేర్చుకుంది. ఆమె ఫైలులో సూపర్‌వైజర్ రాసిన మాట: పనిలో ఆసక్తి లేదు, పిలిస్తే పలకదు. తెలుగు కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్న పేటలో, మరో తెలుగువాడైన పానగల్లు రాజా పేరిట ఉన్న పనగల్ పార్కుకు కూతవేటు దూరంలో, తెలుగు రావడం ఒక ఆడపిల్లకు శిక్ష అయింది.

జీతాలు తక్కువ కావడమే అసలు కారణమని చాలామంది అంటారు. తక్కువే, పెంచాల్సిందే. కానీ అంతా దానిమీదకు నెట్టేస్తే మిగతావి కనబడకుండా పోతాయి. ఆ దుకాణంలోనే రెండు అంతస్తుల్లో ఒకే జీతం, ఒకే పనివేళలు. పిల్లల బట్టల అంతస్తులో ఏళ్ళ తరబడి అవే ముఖాలు. దాని పై అంతస్తులో మూడు నెలలు నిలిచినవాళ్ళు సీనియర్లు. హాజరు పట్టీలూ రాజీనామాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, పెద్ద పరిశోధన అక్కరలేదు. కింద ఉన్న సూపర్‌వైజర్ రద్దీ వేళ తానూ ఒక చేయి వేసేవాడు. పై అంతస్తులో ఉన్నాయన కొనేవాళ్ళ ముందే అమ్మేవాళ్ళను తిట్టేవాడు. యజమాని దృష్టిలో గట్టివాడు ఈ రెండో ఆయనే.

ఇక కోతలు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం పోతుంది. లెక్కకు ఒక చీర తగ్గితే దాని ఖరీదు కౌంటరులో ఉన్న అందరికీ పంచుతారు. ఇది క్రమశిక్షణ అని యజమానులు నిజంగానే నమ్ముతారు. చట్టం అలా అనదు. రాని సమయం ఎంతో, జీతంలో కోత అంతకు మించకూడదు. జరిమానా ఏదైనా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, వేసేముందు ఉద్యోగి చెప్పేది వినాలి, రిజిస్టరులో రాయాలి, వసూలైన సొమ్ము ఉద్యోగుల మేలుకే ఖర్చుపెట్టాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉన్న ఈ నియమాలు 2019 వేతనాల కోడ్‌లోనూ ఉన్నాయి. ఆ దుకాణంలో జరిమానాల సొమ్ము ఎటు పోతోందని అడిగితే లెక్కల గుమస్తా నవ్వి ఊరుకున్నాడు.

పనివేళల సంగతీ అంతే. తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టం 1947 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, నాలుగు గంటల పని తర్వాత గంట విశ్రాంతి, అదనపు పనికి రెట్టింపు వేతనం అని అందులో స్పష్టంగా ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే దుకాణాలు ఇరవై నాలుగు గంటలూ తెరుచుకోవచ్చని 2019లో ప్రభుత్వం అనుమతించినప్పుడు కూడా ఈ హద్దులు ఎత్తేయలేదు. వారానికో సెలవు ఇవ్వాలి, ఆడవాళ్ళను రాత్రి 8 దాటాక వాళ్ళ రాతపూర్వక అంగీకారం లేకుండా పనిలో ఉంచకూడదు. కాగితం మీద ఆ దుకాణం ఇవన్నీ పాటించేది. ఎలాగంటే, రాత్రి ఆఖరి కొనుగోలుదారు దిగిపోగానే అందరి చేతా మెషీను మీద వేలిముద్ర వేయించి, పని ముగిసినట్టు నమోదు చేసేవారు. ఆ తర్వాత షట్టరు సగం దించి, పొద్దుటినుంచి విప్పిన చీరల గుట్టలు మడత పెట్టించేవారు. వేలిముద్ర ముందు, మడత తర్వాత. సెంట్రల్ స్టేషనులో గుమ్మిడిపూండి వైపు లోకల్ అందుకోవలసినవాళ్ళు గడియారం చూస్తూ మడత పెట్టేవారు. మర్నాడు మడత సరిగా లేదని మళ్ళీ మాట పడేవారు.

కూర్చునే హక్కు గురించి చెప్పకపోతే ఈ లేఖ పూర్తి కాదు. దుకాణాల్లో పనిచేసే వారందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని, పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చోనివ్వాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ చట్టాలను సవరించాయి. చట్టం చేయవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. నేను చూసిన దుకాణంలో స్టూళ్ళకు లోటు లేదు, అంతస్తుకు ఇన్ని అని లెక్క ప్రకారం వేయించారు. వాటి మీద బట్టల కట్టలు పేర్చి ఉంటాయి. ఎవరైనా కట్ట దించి కూర్చుంటే కెమెరాలు చూసే గది నుంచి సూపర్‌వైజర్‌కు ఫోను వస్తుంది. పిక్కల్లో నరాలు ఉబ్బి, రాత్రిళ్ళు కాళ్ళు గోడకు ఎత్తిపెట్టుకుని పడుకునే ముప్పై ఏళ్ళ ఆడవాళ్ళను వాళ్ళుండే హాస్టల్లో చూశాను. వాళ్ళు సాయంత్రం ఏడింటికి మొహాన నవ్వు తెచ్చుకోలేదని యజమాని ఫిర్యాదు!

వ్యాపారుల కష్టాలు నాకు తెలియనివి కావు. ఉస్మాన్ రోడ్డు అద్దెలు మండిపోతున్నాయి, పనగల్ పార్కు దగ్గర మెట్రో తవ్వకాలతో దారులు ఇరుకైపోయాయి, ఇంట్లో కూర్చునే ఫోనులో చీర తెప్పించుకునే రోజులు వచ్చాయి. కానీ దుకాణం దాకా వచ్చే మనిషి వచ్చేది చీరను చేత్తో తాకి చూడడానికి, నాలుగు మాటలు చెప్పే మనిషి కోసం. ఆ మనిషిని నీరుగార్చి అమ్మకాలు పడిపోయాయంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది. చీటీ మీద రెండు నంబర్లు వేసే వీలు కల్పించడానికి, వేలిముద్ర మడత తర్వాత వేయించడానికి ఉపన్యాసకుడికి ఇచ్చినంత ఖర్చు కూడా కాదు. నేను ఇచ్చిన నివేదికలో మొదటి పేజీలో ఉన్నవి ఈ రెండే. అవి జరగలేదు. ఉపన్యాసం మాత్రం మళ్ళీ జరిగిందని విన్నాను.

కాబట్టి యజమానుల మంచితనం మీద వదిలేయకుండా కార్మిక శాఖ కదలాలి. స్టూళ్ళు ఉన్నాయా అని కాదు, వాటి మీద మనుషులు కూర్చుంటున్నారా అని చూడాలి. జరిమానాల రిజిస్టరు అడగాలి. ఉద్యోగులతో సూపర్‌వైజర్ లేని చోట మాట్లాడాలి, వచ్చే తనిఖీ అధికారుల్లో తెలుగు వచ్చినవారు ఒకరైనా ఉండాలి. మీ పత్రిక కూడా యజమానుల మాటతో పాటు ఒకసారి ఆ మెస్సుల్లో వినబడే మాట ప్రచురిస్తే బాగుంటుంది. తనిఖీకి వచ్చేవారికి నా విన్నపం ఒక్కటే: పొద్దున పదకొండింటికి రావద్దు, ఆ వేళకు అందరూ కూర్చునే ఉంటారు. పండగకు ముందు శనివారం, రాత్రి షట్టరు సగం దించాక రండి.

ఇట్లు,
విశ్రాంత పర్సనల్ అధికారి,
పశ్చిమ మాంబళం, చెన్నై