ఫ్యాన్లు ఆపేసి పాడుకున్నాం

రేయ్ మామా,

నువ్వు రాలేదని కోపంగానే ఉంది. అయినా ఆదివారం మేం పెట్టుకున్న పాటల కచేరీ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బైరాగిపట్టెడలో మా మేడ మీద గదిలో చాపలేసి ముప్పైమందిని కూర్చోబెట్టాం. మైకు లేదు. ఫ్యాన్ చప్పుడులో గిటార్ మోత మునిగిపోతోందని ఫ్యాన్లు కూడా ఆపేశాం. మే నెలలో తిరుపతి ఉక్కపోత నీకు తెలుసు కదా, ఒక్కరంటే ఒక్కరు లేవలేదు రా!

మొదట జాన్ డౌలండ్ పాట, 1597లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఆయన మొదటి పాటల పుస్తకంలోది. అవి ల్యూట్‌కి, అంటే గిటార్‌లా మీటి వాయించే పాతకాలపు యూరప్ వాయిద్యానికి రాసినవి. మనకి ల్యూట్ ఎక్కడ దొరుకుతుంది? గిటార్ మూడో తీగని జీ నుంచి ఎఫ్ షార్ప్‌కి దించి, మూడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర కాపో, అదే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, బిగించా. సరిగ్గా ల్యూట్ శ్రుతి వచ్చేసింది. 2006లో రాక్ గాయకుడు స్టింగ్ ల్యూట్ తోడుగా పాడిన డౌలండ్ పాటలు నువ్వే కదా నాకు వినిపించావు, ఈ పిచ్చి అప్పుడు పట్టిందే.

చప్పట్లకి సందివ్వకుండా మా అక్క తను రాసుకున్న పాట ఎత్తుకుంది. ఊరొదిలి వెళ్ళి ఫోన్ కూడా చెయ్యని కొడుకు మీద పాట. నాలుగొందల ఏళ్ళ పాట, నిన్నటి పాట ఎలా కలుస్తాయని నువ్వు అడిగావు కదా. పదిహేడో శతాబ్దపు ఇటలీ కాగితాలు చూడు. పైన గాత్రం, కింద బేస్ అనే మంద్ర స్వరాల వరస, దాని మీద అక్కడక్కడా అంకెలు. మధ్యలో ఏం నింపాలో వాయించేవాళ్ళే చూసుకోవాలి. అక్క నోటుబుక్కులోనూ మాటలు, వాటి మీద కార్డుల (కలిపి మీటే స్వరాల గుంపుల) పేర్లు, అంతే. మన అన్నమయ్య రాగిరేకుల్లోనూ రాగం పేరుంది గానీ స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారిలాంటి సంగీత విద్వాంసులు స్వరపరిచాకే వాటిలో ఎన్నో మన నోటికొచ్చాయి. ఇలా సగం మనకి వదిలిన పాటలంటే నాకు ప్రాణం.

చివర్లో ఇటలీ స్వరకర్త మోంటెవెర్డి పాట, 1638లో అచ్చయిన వనకన్య విలాపం. ప్రియుడు వదిలేసిన పిల్ల ఏడుస్తుంటే కింద బేస్‌లో నాలుగే స్వరాలు దిగుతుంటాయి. మన లెక్కలో నటభైరవి రాగంలో స, ని, ద, ప. అవే మళ్ళీ మళ్ళీ. ఆమె ఆగినా, తడబడినా బేస్ ఆగదు. అదే బేస్ మీద అక్క తన పాట చివరి చరణం పాడింది.

అక్కడే నాకు గుండె ఆగినంత పనైంది. దించిన మూడో తీగ మెల్లగా పైకి పాకి అపశ్రుతి పలికింది. నేను వాయించడం ఆపి బిరడా తిప్పుతుంటే, అక్క కళ్ళు మూసుకుని ఆ నాలుగు స్వరాలే కూనిరాగం తీసింది. ముందు వరసలో ఒక పెద్దావిడ గొంతు కలిపింది, తర్వాత గదంతా. నేను మళ్ళీ గిటార్ అందుకునేదాకా బేస్ వాళ్ళే మోశారు రా. ఇది రాస్తుంటే ఇప్పుడూ ఒళ్ళు జలదరిస్తోంది.

ఒక్కటే లోటు. గిటార్ మీటితే మోత ఆరిపోతుంది, ఆ బేస్‌కి కమానుతో లాగే వాయిద్యం కావాలి. వచ్చే నెల మళ్ళీ పెడుతున్నాం. చెన్నైలో సప్తగిరి రైలు ఎక్కేటప్పుడు నీ చెల్లో మర్చిపోకు.

నీ
మామ