చందా కట్టేవారికి కారణం చెప్పరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రభుత్వం మారితే కేబుల్ టీవీలో కొన్ని వార్తా ఛానెళ్లు మాయమవడం మన ఆంధ్రప్రదేశ్‌లో ఆనవాయితీ అయిపోయింది. 2019లో ఏబీఎన్, టీవీ5 ఆగిపోయాయి. 2024 జూన్‌లో టీవీ9, సాక్షి, ఎన్టీవీ ఆగిపోయాయి. మొదటిసారి టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్ జోక్యం చేసుకోవలసి వచ్చింది. రెండోసారి టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు 15 కేబుల్ సంస్థలను ఆదేశించింది. తమకు నచ్చిన ఛానెల్ పోయినప్పుడు బాధపడినవారే, నచ్చనిది పోయినప్పుడు సంతోషించడం నన్ను చాలా కలచివేసింది. నేను ఏ ఛానెల్ పక్షానా రాయడం లేదు. నెలనెలా చందా కట్టే ఇళ్ల పక్షాన రాస్తున్నాను.

నిబంధనలు లేక ఇలా జరుగుతున్నదనుకోవద్దు. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కారణం స్పష్టంగా రాసి మూడు వారాల ముందు నోటీసు ఇవ్వకుండా ఛానెల్ సంస్థ గాని, పంపిణీ సంస్థ గాని ప్రసారం ఆపకూడదు. మరి రాత్రికి రాత్రి ఎలా ఆగుతున్నాయి? మా ఊరి ఆపరేటరును అడిగితే ‘పైనుంచే రావడం లేదండీ’ అంటారు. ఆ పైవారెవరో ఆయనకూ తెలియదు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన తీగలు కరెంటు స్తంభాల మీద వేలాడాలి. ఆయన రిజిస్ట్రేషన్ 2025 జనవరి వరకు హెడ్ పోస్టాఫీసులో జరిగేది, ఇప్పుడు కేంద్ర సమాచార ప్రసార శాఖ చేతిలో ఉంది. 1995 నాటి కేబుల్ చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు మొదలుకొని అధీకృత అధికారులు ఆయన పరికరాలను స్వాధీనం చేసుకోగలరు. ఇంతమంది దయ మీద బతికే చిన్న వ్యాపారి, చందాదారుడి కోసం ఎవరితో పోట్లాడగలడు?

డిష్‌లో వస్తుంది, ఫోనులో చూసుకోవచ్చు కదా అని కొందరంటారు. మా కాశీబుగ్గలో జీడిపప్పు కర్మాగారాల్లో పనిచేసే మహిళలు సాయంత్రం ఇంటికి వచ్చి చూసేది కేబుల్‌నే. డిష్‌కు మళ్లీ డబ్బు పెట్టమని వారికి చెప్పడం న్యాయమా? పైగా మా ఉద్దానం తీర ప్రాంతంలో వార్తా ఛానెల్ కాలక్షేపం కోసం చూసేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తుపాను వచ్చాక ఎలాగూ కరెంటు ఉండదు. అది రాకముందు ఒకటి రెండు రోజులే మాకు కీలకం. ఆ సమయంలో నాలుగు ఛానెళ్లు నాలుగు రకాలుగా చెప్పినా సరే, వాటిని పోల్చి చూసుకునే అవకాశం మాకు ఉండాలి.

అసలు ఈ విషయం సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తేల్చింది. హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారంపై బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ నడిచిన కేసు అది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిని నియంత్రించడానికి స్వతంత్ర ప్రజా సంస్థ ఉండాలనీ న్యాయమూర్తులు చెప్పారు. వారిలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. ముప్పై ఏళ్లు దాటినా ఆ సంస్థ ఏర్పడలేదు. ట్రాయ్ ధరలు, ఒప్పందాల వరకే చూస్తుంది. ఛానెల్‌కు అనుమతి ఇవ్వడం, రద్దు చేయడం ఈనాటికీ మంత్రిత్వ శాఖ పనే.

దాని ఫలితం కేరళలో చూశాం. మీడియావన్ ఛానెల్‌కు భద్రతాపరమైన అనుమతి లేదంటూ 2022 జనవరి 31న ప్రసారాలు ఆపించారు. కారణం ఏమిటో ఆ సంస్థకు చెప్పకుండా సీల్డు కవరులో న్యాయమూర్తులకు ఇచ్చారు. కేరళ హైకోర్టులో రెండుసార్లు ఓడి, ఆ ఛానెల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇలా కారణం దాచడం సహజ న్యాయానికి విరుద్ధమని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించినంత మాత్రాన వ్యవస్థకు వ్యతిరేకి అనడం కుదరదని స్పష్టం చేసింది. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వమే కారణం చెప్పనవసరం లేదనుకుంటే, కింద ఉన్న కేబుల్ సంస్థ మనకు కారణం చెబుతుందని ఎలా ఆశిస్తాం?

మన రాష్ట్రంలో దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఫైబర్‌నెట్ ఉంది. తక్కువ ధరకు ఇంటర్నెట్, టీవీ ఇస్తున్నారని నేనూ సంతోషించినవాడినే. కానీ ఏ ఛానెల్ ఇంటికి చేరాలో నిర్ణయించే మీట ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలూ వాటి సంస్థలూ ప్రసారాల పంపిణీ నుంచి 2023 డిసెంబరు 31 నాటికి తప్పుకోవాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 అక్టోబరులోనే సూచించింది. ఇంటర్నెట్ ఇవ్వండి, టీవీని వదిలేయండి.

వినియోగదారుల బృందం కూడా టీడీశాట్‌ను ఆశ్రయించవచ్చని చట్టంలో ఉంది. కాశీబుగ్గలో చందా కట్టేవారు పదిమంది కలిసి ఢిల్లీ వెళ్లి న్యాయవాదిని పెట్టుకోవడం జరిగే పనేనా? జిల్లా స్థాయిలో కలెక్టరేట్‌లోనో, వినియోగదారుల కమిషన్‌లోనో ఛానెల్ నిలిపివేతపై ఫిర్యాదు తీసుకుని, వారం రోజుల్లో కారణాన్ని రాతపూర్వకంగా తెప్పించే ఏర్పాటు కావాలి. కారణం చెప్పలేకపోతే ఆ రోజులకు చందా తగ్గించాలి.

ప్రసార సేవల నియంత్రణ బిల్లు ముసాయిదాను కేంద్రం 2023 నవంబరులో ప్రజల ముందు పెట్టింది. విమర్శలు రావడంతో అది ముందుకు సాగలేదు. అది మళ్లీ వచ్చేటప్పుడు మా జిల్లా పార్లమెంటు సభ్యుడు, విజయనగరం సభ్యుడు రెండు విషయాలు పట్టుబట్టి అడగాలని కోరుతున్నాను. ఒకటి, 1995 తీర్పు చెప్పిన స్వతంత్ర సంస్థ. రెండు, కారణం తెలుసుకునే హక్కు ఛానెల్ యజమానితో పాటు చందాదారుడికి కూడా ఉండడం. మా సభ్యులు ఏ పార్టీవారైనా సరే, దీనిపై తమ అభిప్రాయం మీ పత్రికలోనే తెలియజేస్తే సంతోషిస్తాం.

ఇట్లు,
జీడిపప్పు పరిశ్రమలో ఒక గుమస్తా,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా