ఫిర్యాదు: ఇంట్లో బిగించుకునే ఎలక్ట్రిక్ కిట్టు, రాని సర్టిఫికెట్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా నాన్నగారి 1992 మోడల్ ప్రీమియర్ పద్మిని పెట్రోల్ కారుని కరెంటుతో నడిచేలా మార్చడానికి గత నవంబరులో మీ దగ్గర 72 వోల్టుల ఎలక్ట్రిక్ కిట్టు కొన్నాను. మోటారు, కంట్రోలర్, ఛార్జర్, మోటారుని గేర్‌బాక్స్‌కి బిగించే అడాప్టర్ ప్లేటు, అన్నీ కలిపి 2,85,000 రూపాయలు. డబ్బంతా ముందే కట్టించుకున్నారు.

ముందు ప్లేటు సంగతి. క్లచ్ హౌసింగ్ మీద అట్ట పెట్టి, రంధ్రాలన్నీ గీసి పంపమన్నారు, పంపాను. వచ్చిన ప్లేటుకి బోల్టు రంధ్రాలు సరిపోయాయి గానీ రెండు భాగాల్నీ కదలకుండా సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులకి రంధ్రాలే లేవు. బోల్టు బిగించి పట్టుకుంటుందంతే. మోటారు షాఫ్టు, గేర్‌బాక్స్ షాఫ్టు ఒకే వరసలో నిలబడాలంటే డోవెల్ ఉండాల్సిందే. ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి, వరస ఎంత తప్పిందో కొలిచే డయల్ గేజ్ పెడితే ముల్లు ముప్పావు మిల్లీమీటరు ఊగింది. "ఇలాగే తిప్పితే ముందు బేరింగు పోద్ది బాబూ, తర్వాత స్ప్లైన్లు" అన్నాడు, అంటే షాఫ్టు మీది పళ్ళు. మీకు ఫోన్ చేస్తే, బయటి మెకానిక్ చెయ్యి పెట్టాడు కాబట్టి వారంటీ లేదన్నారు. ఇంట్లోనే బిగించుకోవచ్చని అమ్మింది మీరే కదండీ! చివరికి 6,500 పెట్టి ఆ మేస్త్రి చేతే కొత్త ప్లేటు చేయించుకున్నాను. ఇంతటితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మీ ప్రకటనలో "ఆర్టీవో ఆమోదం ఉంది" అని పెద్ద అక్షరాల్లో ఉంది. తీరా ఆర్టీవో ఆఫీసుకి వెళ్తే, ఈ కిట్టుకి ఏఐఎస్-123 (పాత బండ్లని ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్ల ప్రమాణం) ప్రకారం వచ్చిన టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ కిట్టుకి ఇచ్చే ఆమోద పత్రం, మీరు నియమించిన ఇన్‌స్టాలర్ బిగించినట్టు పత్రం, రెండూ అడిగారు. మీరు పంపిన పీడీఎఫ్ ఒక్క మోటారుకి చేసిన టెస్ట్ రిపోర్టు. అందులో పద్మిని ఊసే లేదు. ఆర్.సి.లో పెట్రోల్ తీసి ఎలక్ట్రిక్ అని రాయించనిదే బండి రోడ్డెక్కించడానికి లేదు, ఇన్సూరెన్సూ రాదు. నాలుగు నెలలుగా మా గేటు లోపలే ముందుకీ వెనక్కీ తిరుగుతోంది.

పాత 1089 సీసీ ఇంజిన్ వరండాలో గోనెపట్టా కింద ఉంది. మాది సముద్రం పక్క ఇల్లు, ఉప్పుగాలికి ఇనుము ఎంతకాలం ఆగుతుంది? నాన్నగారు నన్ను ఒక్క మాట అనరు. రోజూ నూనెగుడ్డతో దాన్ని తుడుస్తూ కూర్చుంటారు. నాకు అదే ఎక్కువ టెన్షన్.

15 రోజుల్లో ఆ టైప్ అప్రూవల్ కాపీ పంపి, మీ ఖర్చుతో ఇన్‌స్టాలర్‌ని విశాఖ పంపండి. అది కుదరదంటే కిట్టు వెనక్కి తీసుకుని 2,85,000 రూపాయలు, ప్లేటుకి అయిన 6,500 రూపాయలు తిరిగివ్వండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కొన్నవాడు ఉన్న ఊళ్ళోనే కేసు వేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది.

బిల్లు, అట్ట ఫోటో, డయల్ గేజ్ వీడియో, మీ ప్రకటన స్క్రీన్‌షాట్ జత చేశాను. మీ ప్యాకింగ్ పెట్టెలు పారేయలేదు. మోటారు విప్పాల్సి వస్తే మాత్రం మీ మనిషే వచ్చి విప్పాలి.

ఇట్లు,
మీ కస్టమర్,
లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం