మూడెకరాలు ఎటు పోయాయి?

సంపాదకుడు గారికి,

బడిపిల్లల చదువుల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఎక్కాలు రావట్లేదనే గోల. సాయంత్రాలు నా దగ్గర లెక్కలు చెప్పించుకునే ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాళ్లే భిన్నాల దగ్గర బోల్తా పడుతున్నారు. బ్రాకెట్లు, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేతల్లో ఏది ముందు చేయాలో చెప్పే 'బోడ్‌మాస్' సూత్రాన్ని నేర్పే తీరే ఇందుకు చాలావరకు కారణం.

7½ – 2¾ + 1½ ఇచ్చి చూడండి. చాలామంది ముందు 2¾కు 1½ కలిపేస్తారు. క.సా.గు. సరిగ్గానే తీస్తారు, హారాలు సమం చేస్తారు, చివరికి 3¼ అని రాస్తారు. అదేంటంటే "ముందు కూడిక, తర్వాతే తీసివేత కదా సార్!" అంటారు. నిజానికి ఆ రెండూ సమానమే; ఎడమ నుంచి ఏది ముందొస్తే అది చేయాలి. భాగహారం, గుణకారాలూ అంతే. నోటుపుస్తకంలో మాత్రం బోడ్‌మాస్ అక్షరాల కింద ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు వేసి ఉంటాయి, పైగా ఎర్రసిరాతో టిక్కు!

అదే లెక్కను "ఏడున్నర ఎకరాల రైతు రెండుంముప్పావు అమ్మి, మళ్లీ ఎకరన్నర కొన్నాడు" అని అడిగితే ఆ పిల్లలే ఆరుంపావు అని చెబుతారు. మరి 3¼ అన్నప్పుడు మూడెకరాలు ఎటు పోయాయి?

ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో చూసే 'అసర్' సర్వేలో మామూలుగా పెట్టే లెక్కల పరీక్ష మూడంకెల భాగహారంతో ఆగిపోతుంది. భిన్నాల్లో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో పైవాళ్లకు తెలిసే దారేది?

పెద్దయ్యాక అవసరం రాదనుకుంటే పొరపాటు. తెలంగాణ భూమి కాగితాల్లో 2.15 అని ఉంటే చాలాచోట్ల రెండెకరాల పదిహేను గుంటలని అర్థం. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది 2⅜ ఎకరాలు. ఆంధ్రలో సెంట్ల లెక్క, ఎకరానికి నూరు, ఈ పేచీ లేదు. ముగ్గురు అన్నదమ్ములు ఆ 2.15ను ఫోన్లో మూడుతో భాగిస్తే 0.7166 వస్తుంది. డెబ్బై ఒక్క గుంటలా? ఎకరమే దాటిపోయిందే! మొత్తం 95 గుంటలు, తలా 31⅔.

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఉపాధ్యాయ శిక్షణల్లో బోడ్‌మాస్‌ను సరిచేయించాలి. యూనిట్ పరీక్షల్లో భిన్నాలను నాలుగు ఆప్షన్లకు వదిలేయకుండా, గుంటలు, లీటర్లు, కూలి డబ్బుల లెక్కలుగా అడగాలి. జవాబుకే కాక మెట్టుమెట్టుకూ మార్కులివ్వాలి.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, జనగామ